అగ్నిపర్వత గాజు పనిముట్టు ఎందుకు త్వరగా అరుగుతుంది?

ప్రశ్న: అగ్నిపర్వత గాజుతో చేసిన రాతి పనిముట్లు ఉక్కు కత్తికన్నా పదునుగా ఉంటాయని చదివాను. అంత పలుచని అంచు త్వరగా పాడైపోదా? మా వెలిగొండల దాపున కనిపించే పాతరాతియుగపు పనిముట్లు మాత్రం గరుకు రాతివి. ఈ రెండింటి అరుగుదలలో తేడా ఏమిటి?
– ఒక పాఠకుడు, ఉదయగిరి, నెల్లూరు జిల్లా

జవాబు: మీ అనుమానం సరైనదే, ఆ గాజుకు పదునూ పెళుసుదనమూ ఒకే కారణం వల్ల వచ్చాయి. సిలికా దాదాపు 70 శాతమో అంతకు మించో ఉన్న చిక్కని లావా, స్ఫటికాలు పెరిగే వ్యవధి లేకుండా చల్లారినప్పుడు అబ్సిడియన్ అనే ఈ గాజు ఏర్పడుతుంది. లోపల రేణువుల హద్దులు లేనందున, దెబ్బ తగిలితే పగులు ఎక్కడా దారి తప్పక, ఆల్చిప్ప వంపులాంటి నున్నని ముఖాన్ని మిగులుస్తూ సాగిపోతుంది. అలా ఊడిన పెచ్చు అంచు కొన్ని నానోమీటర్ల మందానికి దిగగలదు. అయితే ఆ అంచున చిన్న బీట మొదలైనా దాన్ని నిలువరించే రేణువు కూడా అందులో ఉండదు. మాంసమో పచ్చితోలో కోసినంతసేపు బాగానే నడుస్తుంది గానీ, ఎముకకో ఎండుకర్రకో తగలగానే అంచు నుంచి కంటికి ఆనని పెచ్చులు రాలడం మొదలవుతుంది.

రాలిన పెచ్చులు అంచుకూ కోస్తున్న వస్తువుకూ నడుమ చిక్కుకొని, తాము పుట్టిన గాజునే గీస్తాయి. పైగా రాళ్ల గట్టిదనాన్ని పోల్చే మోస్ కొలమానంలో అబ్సిడియన్ కాఠిన్యం 5 నుంచి 5.5 వరకే ఉండగా, ఇసుకలో ఎక్కువగా ఉండే పలుగురాయిది 7 కనుక, తోలుకు అంటిన ఇసుక కూడా దానిపై గీతలు పెడుతుంది. (మన గూడూరు వైపు సిలికా ఇసుకను సోడా, సున్నంతో కరిగించి గాజుగా మార్చాక, ఆ గాజు కూడా తన పూర్వరూపమైన ఇసుక చేతిలోనే గీతలు పడుతుంది.) ఈ గీతలే పరిశోధకులకు ఆధారం: అంచుకు సమాంతరంగా ఉంటే కోతపని, అడ్డంగా ఉంటే గీకుడుపని అని అర్థం. ఇటువంటి ఆనవాళ్లను సూక్ష్మదర్శినితో చదివే పద్ధతికి సోవియట్ శాస్త్రవేత్త సెర్గెయ్ సెమ్యోనోవ్ 1957లో ప్రచురించిన గ్రంథం పునాది వేసింది.

మన జిల్లాల్లో అగ్నిపర్వత గాజు లేదు. ఇక్కడివారు వాగుల్లో దొరికే క్వార్ట్‌జైట్‌ను ఎక్కువగా వాడారు. ప్రకాశం జిల్లా రెట్లపల్లె పనిముట్లు సుమారు 1,39,000 ఏళ్లనాటివని తేల్చారు. క్వార్ట్‌జైట్‌లో పలుగురాతి గింజలు ఒకదానికొకటి గట్టిగా అతుక్కొని ఉంటాయి కాబట్టి అంచు అంత పదును తేలదు, కానీ మొద్దుపనికి చాలాసేపు ఓర్చుకుంటుంది. నా దృష్టిలో అది తక్కువరకం రాయి కాదు, వేరే పనికి తగిన రాయి. దాని అరుగుదలను చదవడమే కష్టం: ఒక గింజ ఊడిపోతుంది, మరొకటి పైభాగంలో మాత్రమే నునుపెక్కుతుంది, ఒక్కో గింజ ముఖం ఒక్కో దిక్కుకు వెలుగును తిప్పికొడుతుంది.

గాజు చదవడం తేలికే గాని, మోసపోవడమూ తేలికే. మట్టిలోని తేమ దాని ఉపరితలంలోకి మైక్రాన్ల లెక్కన ఇంకుతూ సన్నని పొరను ఏర్పరుస్తుంది. 1960 నుంచి ఆ పొర మందాన్ని బట్టి వయసు కట్టే ప్రయత్నాలూ జరిగాయి. పశువుల తొక్కుడుకు, నాగటి దెబ్బకు కూడా గీతలు పడతాయి కనుక, అంచు పొడవునా ఒకే తీరులో లేని గీతలను పనివల్ల పడినవిగా లెక్కించరు. మీకు పొలంలో ఏ రాతి పనిముట్టు కనిపించినా ఇనుప బ్రష్షుతో రుద్ది కడగకండి. ఆ రుద్దుడు గీతలు పాతవాటితో కలిసిపోతే, తర్వాత వేరు చేయడం కష్టం.