మీ వీధిలో తగువులు తీరుస్తానంటున్న చిన్నాకి

ఒరేయ్ చిన్నా,

నీ మెసేజ్ చదివాను. చెన్నై కొళత్తూరులో మీ అపార్ట్‌మెంట్లూ వెనక వీధీ కలిపి ఒక బృందం పెడతావు, పిల్లలు కారు అద్దం పగలగొట్టినా, ఎవడో కుర్రాడు ఫోన్ కొట్టేసినా, వెంటనే స్టేషన్‌కి పరిగెత్తకుండా తప్పు చేసినవాణ్ణీ నష్టపోయినవాళ్ళనీ కూర్చోబెట్టి మాట్లాడిస్తావు, అంతేకదా. దీన్నే రిస్టోరేటివ్ జస్టిస్ అంటున్నారు. మంచి పనే. మీ పెదనాన్నకి చెబితే ఇంత తతంగం ఎందుకు, రెండు తగిలిస్తే సరిపోతుంది అన్నారు. ఆయన సంగతి వదిలెయ్.

ఎవరి మద్దతు కూడగట్టాలని అడిగావు. ముందు ఒక మాట. ఈ ఊళ్ళో నలుగురు కూర్చుని తగువు తీరుస్తామంటే జనానికి మొదట గుర్తొచ్చేది కట్ట పంచాయత్తే. అండ ఉన్నవాడొకడు కుర్చీ వేసుకుని కూర్చోవడం, బెదిరించడం, డబ్బు ఇప్పించి అందులో వాటా తీసుకోవడం. 2011లో ఆరుముగం సేర్వై కేసులో సుప్రీంకోర్టు కట్ట పంచాయత్తులు పూర్తిగా చట్టవిరుద్ధమని చెప్పింది. కాబట్టి మీరు తీర్పు చెప్పరు, జరిమానా వెయ్యరు, ఎవరినీ బలవంతంగా పిలవరు, వచ్చినవాళ్ళు మధ్యలో లేచి వెళ్ళిపోవచ్చు. ఇది మొదటి రోజే అందరికీ తెలియాలి.

ఎవరు చేశారో తేల్చడం కూడా మీ పని కాదు. కుర్రాడు నేనే చేశానని ఒప్పుకుంటేనే ముందుకెళ్ళాలి. కాదన్నాడా, అక్కడితో ఆపెయ్, సీసీ కెమెరా ఫుటేజీ ముందేసుకుని నిలదీయడం మొదలుపెడితే నువ్వూ పంచాయతీ పెద్దవే అవుతావు.

అందరూ ఆ కూర్చోబెట్టే గంట గురించే ఆలోచిస్తారు. అసలు పని దానికి ముందూ తర్వాతా ఉంటుంది. ముందు నష్టపోయినవాళ్ళ ఇంటికి విడిగా వెళ్ళు. ఏం పోయింది, ఎంత భయపడ్డారు, వాళ్ళకి ఏం కావాలి అని అడిగి, ఊరికే విను. మనవాళ్ళకి "పోన్లే, సర్దుకుపోండి" అనడం నోటికి అలవాటైపోయింది చూడు, అది మాత్రం నీ నోట రాకూడదు. వాళ్ళు ఎదురుపడి మాట్లాడం అంటే వద్దు. క్షమించం అంటే అదీ వాళ్ళిష్టం. కొంతమందికి డబ్బు కాదు కావలసింది, మా ఇల్లే ఎందుకు ఎంచుకున్నావురా అన్న ప్రశ్నకి జవాబు కావాలి.

కెనడాలో ఆంటారియో రాష్ట్రంలో ఎల్మైరా అనే ఊరుంది. 1974లో అక్కడ ఇద్దరు కుర్రాళ్ళు తాగి ఒక్క రాత్రిలో 22 చోట్ల ఆస్తులు ధ్వంసం చేశారు. నేరం చేసినవాళ్ళ నడవడి చూసే ప్రొబేషన్ అధికారి ఒకాయన వీళ్ళని బాధితుల దగ్గరికే తీసుకెళితే బాగుంటుందన్నాడు, జడ్జి సరేనన్నాడు. ఇంటింటికీ వెళ్ళి తలుపు తట్టి, మేమే చేశామని చెప్పి, ఎంత నష్టమో అడిగి, కొన్ని నెలల్లో కట్టేశారు. ఇప్పుడు ప్రపంచమంతా చెప్పుకునే ఈ పద్ధతికి మొదలు అదే అంటారు. అందులో నువ్వు గమనించాల్సింది, వెనకాల కోర్టు ఉంది, పక్కన ఒక మనిషి నడిచాడు, కట్టారా లేదా అని చూశారు. ఆ చూసే మనిషి మీ వీధిలో ఎవరో పేరుతో సహా తేలే వరకూ మొదటి మీటింగ్ పెట్టకు.

ఇక మద్దతు. అసోసియేషన్ సెక్రటరీ ఒప్పుకున్నాడని సంబరంగా రాశావు. అసోసియేషన్‌లో ఉండేది ఎవరు? ఫ్లాట్ల ఓనర్లు. అద్దెకున్నవాళ్ళు లేరు, వాచ్‌మన్ లేడు, పనమ్మాయి లేదు, వెనక వీధి ఇస్త్రీ బండాయన లేడు. రేపు గొడవ వాచ్‌మన్ కొడుకు మీద వచ్చిందనుకో, ఎదురుగా కూర్చున్నది వాళ్ళ నాన్న ఉద్యోగం తీసెయ్యగలిగినవాళ్ళు, అప్పుడా పిల్లాడు చెప్పే సారీకి విలువేంటి? చెయ్యని తప్పుకి కూడా చెబుతాడు. అందుకే నీ బృందంలో సగం మంది ఓనర్లు కానివాళ్ళు ఉండాలి, ఆడవాళ్ళు ఉండాలి, వెనక వీధి మహిళా సంఘంలోంచి ఒకరిద్దరిని అడుగు. వాచ్‌మన్ ఉద్యోగం జోలికి పోమని అసోసియేషన్ చేత ముందే కాగితం మీద రాయించు. ఒప్పుకోకపోతే అలాంటి గొడవ నువ్వు ముట్టుకోకు.

ఇంకోటి, మనం తెలుగువాళ్ళం కదా, గొడవ రాగానే "మనవాడు" అని ఒకవైపు చేరిపోతాం. అవతలివాళ్ళు తమిళులైతే అది ఇంకో గొడవ అవుతుంది. ఎవరి భాషలో వాళ్ళని మాట్లాడనివ్వు, ఇరుపక్కలా చుట్టరికం లేని మనిషిని ఒకరిని మాటలు అటూ ఇటూ చెప్పడానికి పెట్టు. కూర్చునేది ఎవరి ఇంట్లోనో పార్టీ ఆఫీసులోనో గుళ్ళోనో కాదు, స్కూల్ వదిలాక ఒక క్లాస్‌రూమ్ అడుగు, హెడ్‌మాస్టర్లు ఇస్తారు, నా సర్వీసులో నేనూ ఇచ్చాను. ఒక్కో వైపు ఇద్దరికి మించి వద్దు. ఫొటోలు వద్దు, వాట్సాప్ గ్రూపులో ఒక్క ముక్క వద్దు. కేసుల్లో ఉన్న పిల్లల వివరాలు బయటపెడితే 2015 జువెనైల్ జస్టిస్ చట్టం 74వ సెక్షన్ కింద నేరం, కేసు కాకపోయినా అదే కట్టుబాటు పెట్టుకో.

ఒప్పందం చిన్నదిగా, తారీఖులతో ఉండాలి. వాళ్ళ నాన్న జేబులోంచి తీసి మొత్తం ఇచ్చేస్తే కుర్రాడికి అంటేదేముంది? అలాగని బాత్రూములు కడిగించడం లాంటి అవమానాలు పెట్టకు. చేసిన తప్పుకీ చేసే పనికీ సంబంధం ఉండాలి.

స్టేషన్‌కి వెళ్ళి ఇన్‌స్పెక్టర్‌కి ముందే చెప్పు, కానీ యూనిఫాంలో వచ్చి కూర్చోవద్దని మర్యాదగా అడుగు. ఇది మెతకతనం అని ఎవరైనా అంటే ఐపీసీ బదులు వచ్చిన భారతీయ న్యాయ సంహిత చూపించు. 2024 జూలై 1 నుంచి, 5000 రూపాయలలోపు దొంగతనం మొదటిసారి చేసినవాడు సొమ్ము తిరిగిస్తే శిక్ష సమాజ సేవే.

తర్వాత హైకోర్టు ఆవరణలో ఉన్న, ఉచితంగా న్యాయ సాయం చేసే లీగల్ సర్వీసెస్ అథారిటీకి వెళ్ళు, లేదా న్యాయ సాయం నంబరు 15100కి ఫోన్ చెయ్యి. 2023 మీడియేషన్ చట్టంలో ఇరుగుపొరుగు తగువుల కోసమే ఒక అధ్యాయం ఉంది. రెండు పక్షాలూ ముందుగా ఒప్పుకోవాలి, ముగ్గురు మధ్యవర్తుల ప్యానెల్, నివాసుల సంఘం ప్రతినిధి కూడా అందులో ఉండొచ్చు. కుదిరిన ఒప్పందానికి మాత్రం కోర్టు డిక్రీ బలం ఉండదు, అంటే కోర్టు తీర్పులా అమలు చేయించుకోలేరు. ఈ చట్టాన్ని విడతలుగా అమలు చేస్తున్నారు, మీ ఏరియాలో ఇప్పుడు ఏం వీలవుతుందో అక్కడే అడుగు. మద్రాసు హైకోర్టు మధ్యవర్తిత్వ కేంద్రం 2005 నుంచీ ఉంది, అక్కడ శిక్షణ పొందిన లాయరు ఒకరు మీ చుట్టుపక్కల దొరికితే పట్టుకో.

ముట్టుకోకూడనివి కొన్ని ఉన్నాయి, ఇందులో బేరం లేదు. పిల్లల మీద లైంగిక నేరం తెలిసి కూడా చెప్పకపోతే పోక్సో చట్టం కింద నీ మీదే కేసు, వెంటనే పోలీసులకి చెప్పు, పిల్లల సాయానికి 1098. ఇంట్లో భార్యని కొట్టడం, కులం పేరుతో తిట్టడం, ఇవి రాజీ చేసేవి కావు, చెయ్యబోతే కొట్టినవాడికే సాయం చేసినట్టు.

కౌన్సిలర్ బ్యానర్ వేయిస్తానన్నాడని రాశావు. వద్దని చెప్పు. టీ ఖర్చులు మీరే తలా కొంచెం వేసుకోండి, గొడవ పడ్డవాళ్ళ దగ్గర కాఫీ కూడా తాగకండి. రిజిస్టర్‌లో తారీఖు, ఏం ఒప్పుకున్నారు, ఎప్పటిలోగా, ఎవరు చూసుకుంటారు, ఇంతే రాయి. బృందంలో ఎవరెవరో ఆదివారం లోపల రాసి పంపు, సీసీ కెమెరా ఫుటేజీ చూపించి నిలదీద్దామనే ఆయన పేరు మాత్రం వద్దు.

పెద్దమ్మ