పదకొండో పేజీలోని చారు గిన్నె: ఒక యువ రచయిత్రికి లేఖ

ప్రభువునందు ప్రియమైన చిరంజీవికి,

వందనాలు. నీ ‘సువార్త భారం’ రాతప్రతి చేరి మూడు వారాలైంది. ఇరవై రెండు పేజీలనూ రెండుసార్లు చదివాను. మొదటిసారి కోపం వచ్చింది. రెండోసారి ఎర్ర సిరా కలం పట్టుకుని ఒకే ఒక్క మాటకు సున్నా చుడుతూ పోయాను. ‘అన్యులు’ అనే ఆ మాట నీ రాతలో నలభై ఒక్కచోట్ల ఉంది. నీ అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయని, తప్పులు తక్కువని చెప్పి, మెప్పు సంగతి అక్కడితో ముగిస్తున్నాను.

విశ్వాసులు తమ విశ్వాసాన్ని ఇతరులతో పంచుకోవాలని, మౌనం వీడాలని ప్రోత్సహించడమే నీ ఉద్దేశం. దానితో నాకు పేచీ లేదు. నలభై ఏళ్లుగా నేనూ అదే పని మీద కాగితాలు ఖరాబు చేస్తున్నాను. అయితే నీ పేజీల్లో ఈ అన్యులు ఎవరమ్మా? మీ ఇంటి యజమాని, కాలేజీలో నీ పక్కన కూర్చునే అమ్మాయి, నీకు ట్యూషన్ చెప్పిన మాస్టారు, పాలు పోసే ఆయన, గోడ అవతలి పిన్నిగారు. తెలుగులో అన్యుడంటే పరాయివాడు. బైబిలును తెలుగు చేసిన పెద్దలు యూదులు కాని జనాలన్నిటినీ కలిపి ‘అన్యజనులు’ అన్నారు. ఆ లెక్కన చూస్తే నువ్వూ నేనూ మన గుంటూరు జిల్లా సంఘాలన్నీ అన్యజనులమే. ఎఫెసీయులకు రాసిన పత్రిక రెండో అధ్యాయం మరొక్కసారి చదువు. అక్కడ పౌలు పేరుపెట్టి పిలుస్తున్నది మనల్నే. మనం ఆ మాటను మెల్లగా ‘జనులు’ తీసేసి, కురచ చేసి, మన ఒంటి మీద నుంచి దులిపి పొరుగింటి మీద వేశాం. మాస్టారిని ఎదుట ‘మాస్టారూ’ అని పిలిచి, చేతులు కట్టుకుని నిలబడి, కాగితం మీద మాత్రం అన్యుడని రాయడం నీ చేతికి ఎలా వచ్చింది?

నాలుగో పేజీలో బైబిల్లోని యెహెజ్కేలు ప్రవక్త గ్రంథం మూడో అధ్యాయాన్ని ఎత్తి రాసి, అన్యులకు చెప్పకపోతే వారి రక్తానికి మనమే ఉత్తరవాదులమని చదువరిని భయపెట్టావు. నేను పుట్టినప్పటి నుంచీ ప్రతి సువార్త సభలోనూ ఈ వచనాన్ని ఇలాగే వింటున్నాను కాబట్టి తప్పు నీ ఒక్కదానిది కాదు. కానీ దాని పై వచనం చూశావా? యెహెజ్కేలును కావలివాడిగా నియమించింది ఇశ్రాయేలీయులకు, అంటే అతని సొంత జనానికి. ఆ హెచ్చరిక తన వాళ్ల గురించి. అన్యుల ఊసు అక్కడ లేదు. భయపెట్టి సాక్ష్యం చెప్పించాలనుకుంటే, చెప్పేవాడు తన తల మీది అప్పు దించుకోవడానికి చెబుతాడు; వినేవాడికి ఆ సంగతి మొదటి నిమిషంలోనే తెలిసిపోతుంది.

ఏడో పేజీలో ఒంగోలు సంగతి రాశావు. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజులో 2,222 మందికి బాప్తిస్మం జరిగిందని రాసి, పక్కన మూడు ఆశ్చర్యార్థకాలు పెట్టావు. అంకె సరైనదే. కానీ ఈ అంకెను మన వాళ్లు ఎన్ని కరపత్రాల్లో ఎంత పెద్ద అక్షరాలతో అచ్చు వేశారంటే, దాని వెనక ఉన్న మనుషులందరూ అందులో మునిగిపోయారు. అంతకుముందు పన్నెండేళ్ల క్రితం, 1866లో, యర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ తోళ్ల వ్యాపారి బాప్తిస్మం పొందాడు. ఒంగోలుకు పడమర పల్లెల మనిషి. అంతకు మునుపే రాజయోగ మార్గంలో గురూపదేశం పొంది, దేవుణ్ణి వెతుకుతూ తిరిగినవాడు. వ్యాపారం కోసం ఉత్తరాన ఏలూరు వైపు వెళ్లినప్పుడు ఈ కబురు విని, తిరిగివచ్చి ఎవరికి చెప్పాడు? తోళ్ల బేరాల్లో, పెళ్లి సంబంధాల్లో, చావు కబుర్లలో తనకు దారులు తెలిసిన పల్లెలకు వెళ్లి, తన బంధువులకు, తన తోటి వెతుకులాటగాళ్లకు, వాళ్లు మాట్లాడుకునే మాటల్లోనే చెప్పాడు. అమెరికా నుంచి వచ్చిన బాప్టిస్టు మిషనరీ క్లౌ దొర ఒంగోలులో కాపురం పెట్టేనాటికి ఆ పల్లెల్లో నేల దున్ని ఉంది. నీ పేజీలో దొర పేరు ఆరుసార్లు ఉంది, పేరయ్య పేరు ఒక్కసారి కూడా లేదు.

ఇంకొకటి. 1876 నుంచి 1878 వరకు దేశాన్ని పీడించిన కరువులో క్లౌ బకింగ్‌హాం కాలువ పనిలో మూడు మైళ్లకు పైగా తవ్వకం కాంట్రాక్టు తీసుకుని ఆకలిగొన్నవాళ్లకు కూలి ఇప్పించాడు. బోధకులే మేస్త్రీలుగా నిలబడి, ప్రయాసపడి భారం మోసే సమస్త జనులారా రండి అనే ఒక్క వచనాన్నే పలుగూ పారా పట్టినవాళ్లకు చెబుతూ వచ్చారు. అయినా కరువు సాయం నడిచినంత కాలం, నెలల తరబడి, జనం వచ్చి అడిగినా ఆయన బాప్తిస్మం ఇవ్వలేదు. గంజి కోసం వచ్చారన్న మాట రాకూడదనుకున్నాడు. ఆ ఆగడం గురించి రాయకుండా 2,222 అని రాస్తే అది పందెంలో కొట్టిన పరుగుల లెక్కలా ఉంటుంది. ఈ రోజు మన మీద పడే నిందల్లో సగానికి, నువ్వు విడిచిపెట్టిన ఆ ఒక్క సంగతిలో జవాబుంది.

నీకు కోపం వస్తోందేమో. నేను నీ కంటే అన్యాయంగా రాసినవాణ్ణి. 1974లో, ఇరవై రెండేళ్ల వయసులో, నా మొదటి కరపత్రాన్ని ట్యూషన్ డబ్బులతో రెండు వేల ప్రతులు అచ్చు వేయించి, గుంటూరు రైల్వే స్టేషన్‌లో పంచాను. సాయంత్రం ప్యాసింజరు వెళ్లిపోయాక చూస్తే ప్లాట్‌ఫారం నిండా నా కాగితాలే. ఊడ్చే ఆవిడ వేరుశెనగ తొక్కలతో కలిపి వాటిని కుప్ప చేస్తోంది. కుప్ప మీద నా పేరు నాకు కనబడుతోంది. నా ముఖం చూసి జాలిపడిందో ఏమో, ఒక కాగితం తీసి దులిపి, “ఇందులో ఏం రాశావు నాయనా, నాకు చదువు రాదు, చదివి చెప్పు” అంది. చదివాను. రెండో పేరాలో ‘విమోచన క్రయధనము’ దగ్గర ఆపింది. “అంటే?” అంది. ఆదివారం బడిలో వరసగా ఐదేళ్లు బహుమతులు తెచ్చుకున్నవాణ్ణి, క్రయధనమంటే క్రయధనమే అన్నట్టు నీళ్లు నమిలాను. ఆవిడ చీపురు మీద గడ్డం ఆనించి కాసేపు ఆలోచించి, “నా కడియాలు తాకట్టులో పడి వడ్డీ పెరిగిపోతే మా తమ్ముడు డబ్బు కట్టి విడిపించి తెచ్చాడు. అట్లాంటిదా?” అని అడిగింది. అట్లాంటిదేనన్నాను. “మరి అట్లా రాయొచ్చుగా” అని మళ్లీ ఊడవడం మొదలుపెట్టింది. ఆవిడ విశ్వాసంలోకి వచ్చిందా అని నువ్వు అడగబోతున్నావని తెలుసు. నాకు తెలియదు. పేరు కూడా అడగకుండా వచ్చేశాను. ఇప్పటికీ సిగ్గుపడేది దానికే.

ఆ సంగతినే వ్యాసంగా రాసి, తాకట్టు అనే మాటను శీర్షికలో పెట్టి, అప్పట్లో పేరున్న ఒక క్రైస్తవ మాసపత్రికకు పంపాను. అచ్చయింది. తాకట్టు అన్నచోటల్లా ‘విమోచన క్రయధనము’ అయింది, ఊడ్చే ఆవిడ ‘ఒక అన్యస్త్రీ’ అయింది, చివరన నేను రాయని నాలుగు వాక్యాలు చేరి ఆవిడ మోకరించి కన్నీటితో ప్రార్థించింది. సంపాదకులవారిని కలిసి అడిగితే, తాకట్టు లోకసంబంధమైన మాటని, సాక్ష్యానికి ఫలితం లేకపోతే చదువరులు నిరుత్సాహపడతారని సెలవిచ్చారు. ఆ పత్రిక ఇప్పుడు లేదు, ఆయనా లేరు. నా కోపం మాత్రం చందా కట్టించుకుంటూ నడుస్తూనే ఉంది. నువ్వు అలాంటి చేతికి చిక్కకముందే, వాళ్లు చేసే పనిని నీ చేతితోనే చేసుకున్నావన్నదే నా బాధ.

బాప్తిస్మం పొందిన ప్రతి ఒక్కరూ సాక్షి కావాలని నువ్వు పదోపేజీలో కొత్తగా కనిపెట్టినట్టు రాశావు. దోర్నకల్ బిషప్ అజరయ్యగారి గురించి మీ సంఘంలో ఎవరూ చెప్పలేదా? తిరునెల్వేలి తమిళుడు, తెలుగు నేర్చుకుని మన పల్లెల్లో తిరిగాడు, 1912లో ఆంగ్లికన్ సంఘంలో మొదటి భారతీయ బిషప్ అయ్యాడు. బాప్తిస్మం పొందినవారి చేత తమ తల మీద తామే చెయ్యి పెట్టించి, ‘నేను బాప్తిస్మం పొందిన క్రైస్తవుణ్ణి, సువార్తను ప్రకటింపకపోతే నాకు శ్రమ’ అని చెప్పించేవాడు. అక్షరం రాని కూలీలు, ఆడవాళ్లు, అందరూ కలిసి పొరుగు ఊళ్లకు వెళ్లి తమకు జరిగింది చెప్పే సాక్ష్యపు వారాలు ఆయన మేత్రాసనంలో, అంటే ఆయన బిషప్‌గా చూసుకునే ప్రాంతంలో, ఏటా జరిగేవి. ‘శ్రమ’ అనే మాట నీకు నచ్చుతుంది, నీ భారానికి దగ్గరగా ఉంది కాబట్టి. కానీ అదే మనిషి 1910లో ఎడిన్‌బరో మహాసభలో తెల్లదొరల ఎదుట నిలబడి, మీరు మీ ఆస్తి బీదలకు పంచారు, మీ శరీరాలను కాల్చబడడానికి అప్పగించారు, మాకు ప్రేమ కూడా కావాలి, మాకు స్నేహితులను ఇవ్వండి అని అడిగాడు. బోధ అందుకున్నవాడికి స్నేహం అందకపోతే ఎంత కరుకుగా ఉంటుందో అనుభవించినవాడు అడిగిన మాట అది. ఆయన దొరలను అడిగిన దాన్నే ఇవాళ మీ మాస్టారు నిన్ను అడిగితే, ‘అన్యులకు స్నేహం చూపవలెను’ అని నలభై రెండోసారి రాస్తావా?

బావి దగ్గర యేసుతో మాట్లాడిన సమరయ స్త్రీని నువ్వు ఎత్తుకున్నందుకు సంతోషించాను. ఆమె కుండ విడిచిపెట్టి ఊళ్లోకి పరుగెత్తిందనేది అందరూ చెబుతారు. ఆమె చెప్పిన తీరు చూడు. వచ్చి చూడండి అంది. ఈయన క్రీస్తు కాడా అని ప్రశ్నతో ఆపింది. ఆ ఊళ్లో ఆమె గతం తెలియనివాళ్లు లేరు కాబట్టి, దాన్నే ముందు పెట్టి మాట్లాడింది. సిరియా సేనాధిపతి నామాను ఇంట్లోని ఇశ్రాయేలు పిల్ల సంగతి నువ్వు అసలు తలవలేదు. చెరపట్టుకొచ్చిన ఇంట్లో పనిపిల్ల ఆమె. యజమానికి కుష్ఠు పోవాలన్న కోరికతో ఒక్క వాక్యం మాట్లాడింది, అంతే, మళ్లీ కథలో కనబడదు. నేను నీ వయసులో ఉండగా నాకు ఈ పిల్ల దొరికి ఉంటే రెండు వేల కరపత్రాలు మిగిలేవి.

నీ ఉత్తరంలో చాలా ప్రశ్నలున్నాయి. కలం పేరు పెట్టుకోవాలా, ఎవరు అచ్చు వేస్తారు, యూట్యూబులో చిన్న ముక్కలుగా చదివి పెడితే ఎక్కువమందికి చేరుతుందా అని అడిగావు. వాటికి నా దగ్గర జవాబులు లేవు. చివరిదానికి ఉంది కానీ చెబితే ముసలివాడి గొణుగుడు అంటావు. మా వీధి మలుపులో నాలుగు మైకులు కట్టి రాత్రి పదింటి వరకు హల్లెలూయా చెప్పించే కూటాల పక్కన కాపురం ఉంటున్నవాణ్ణి, వాళ్ల మైకుకూ నీ ఫోనుకూ తేడా నాకు సరిగ్గా తెలియడం లేదు. చట్టం గురించి మాత్రం ఒక మాట: రాజ్యాంగం 25వ అధికరణంలో మతాన్ని ప్రచారం చేసుకునే హక్కు ఉందని నువ్వు రాసింది నిజం. అయితే ప్రచార హక్కంటే ఎదుటివాణ్ణి మతం మార్చే హక్కు కాదని 1977లో స్టానిస్లాస్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. సగం చెప్పి ఊరుకోవద్దు, రెండూ రాయి. దాని మీద చర్చ వకీళ్లకు వదిలెయ్యి. ‘ఆత్మల సంపాదన’ అనే శీర్షికను కూడా తీసెయ్యి. మన వీధుల్లో సంపాదన అంటే జీతం.

ఇక పదకొండో పేజీ. అసలు ఈ ఉత్తరం దాని కోసమే మొదలుపెట్టాను. గోడ అవతలి పిన్నిగారికి టైఫాయిడ్ వచ్చినప్పుడు మీ అమ్మ పదిహేను రోజులు చారు కాచి పంపిందని, మిరియాలు తక్కువ వేసేదని, గిన్నె చల్లారకుండా నువ్వు కొంగు అడ్డం పెట్టుకుని తీసుకువెళ్లేదానివని, ఒకరోజు పిన్నిగారు మంచం మీద లేచి కూర్చుని ‘మీ అమ్మ ప్రార్థనలో నా పేరు కూడా చెబుతుందా?’ అని నిన్ను అడిగిందని ఆరు వరుసల్లో రాశావు. ఆ ఆరు వరుసల్లో అన్యులు లేరు. అక్కడ నేను చదవడం ఆపి, కళ్లజోడు తీసి తుడుచుకున్నాను. ఏడో వరుసలో ఏం చేశావు? ‘తరువాత అమ్మ ఆమెకు సువార్త ప్రకటించింది’ అని ఒక్క ముక్కలో తేల్చేసి, మళ్లీ యెహెజ్కేలు దగ్గరికి పరుగెత్తావు.

ఏం ప్రకటించింది? పిన్నిగారు అడిగినదానికి అవునంటే ఏమని అంది, నిలబడి చెప్పిందా, మంచం అంచున కూర్చుందా, మధ్యలో ఎవరైనా వచ్చారా, పిన్నిగారు ఎక్కడ తలూపింది, ఎక్కడ ఒప్పుకోలేదు? మీ అమ్మ మెదక్ చర్చి వేదిక మీద మాట్లాడే మనిషి కాదని నీ రాత చూస్తేనే తెలుస్తోంది. ఆవిడ వాడిన మాటలు వంటింటి మాటలై ఉంటాయి. నాకు ఆ మాటలు కావాలి. మిగిలిన ఇరవై ఒక్క పేజీలు పక్కన పెట్టి, ఆదివారం ఆరాధన అయ్యాక మీ అమ్మ బియ్యం ఏరుతున్నప్పుడు పక్కన కూర్చుని అడుగు. ఆవిడ ‘ఏముందే, ఏదో చెప్పాను’ అంటుంది, వదలకు. వీలైతే పిన్నిగారిని కూడా విడిగా అడుగు, ఆవిడ చెప్పేది మీ అమ్మ చెప్పేదానితో కలవకపోయినా సరే, రెండూ రాయి. ఆవిడ ఇప్పటికీ తన దేవుడికి దీపం పెట్టుకుంటూ ఉంటే అదీ రాయి, దాచకు. అన్నట్టు, ఆ పదిహేను రోజుల తరువాత చారు గిన్నె ఖాళీగా తిరిగి వచ్చి ఉండదు. అందులో పిన్నిగారు ఏం పెట్టి పంపిందో గుర్తు తెచ్చుకుని రాసి పంపు.

ఇట్లు,
నీ మేలు కోరే ముసలి రచయిత