గేదెలో గర్భసంచి మెలిక: ఆపరేషన్ దాకా ఎందుకు వస్తుంది?

ప్రశ్న: మా ముర్రా గేదెకు ఇది మూడో ఈత. పది నెలలు నిండాక నొప్పులు మొదలయ్యాయి కానీ ఉమ్మనీటి సంచి కనబడలేదు. మరునాడు సాయంత్రం డాక్టరు గారిని పిలిస్తే, గర్భసంచి మెలి పడిందని మూడుసార్లు దొర్లించారు. మెలిక విడలేదు. ఆపరేషన్ చేసి తీసేసరికి దూడ చనిపోయి ఉంది. గేదె మాత్రం లేచి మేత తింటోంది. ముందే ఆపరేషన్ చేయించి ఉంటే దూడ దక్కేదా? ఈ గేదెను మళ్లీ కట్టించవచ్చా?
– ఒక రైతు, గుంటూరు జిల్లా

జవాబు: మొదటి రోజే పశువైద్యుడు లోపల చెయ్యి పెట్టి చూసి ఉంటే బహుశా ఆపరేషన్ అవసరమే వచ్చేది కాదు, దూడ దక్కే అవకాశమూ ఎక్కువగా ఉండేది. మిమ్మల్ని తప్పుపట్టడానికి ఈ మాట రాయడం లేదు. ఈ మెలికలో బయటికి కనిపించేది చాలా తక్కువ కాబట్టి, ఏళ్ల తరబడి పాడి చేస్తున్నవారు కూడా ఇంకా ఈనే వేళ కాలేదనుకుని ఆగిపోతారు.

నిండు చూడితో ఉన్నప్పుడు దూడ బరువుకు గర్భసంచి పొట్ట అడుగుకు జారి ఉంటుంది. పశువు ముందుగా వెనుక కాళ్ల మీద లేస్తుంది కనుక ఆ క్షణంలో సంచి వేలాడుతూ ఉంటుంది. అప్పుడు కాలు జారినా, పక్క పశువు కుమ్మినా అది తిరిగిపోవచ్చు. మెలిక దగ్గర దారి మూసుకుపోవడం వల్ల నీటి సంచి గానీ దూడ కాళ్లు గానీ బయటికి రావు. అక్కడే రక్తనాళాలు కూడా నలిగి, వచ్చిన రక్తం తిరిగి వెళ్లలేక సంచి గోడ ఉబ్బుతుంది, దూడకు ప్రాణవాయువు అందదు.

మెలిక ఎటు పడిందో పశువును అటువైపే పడుకోబెట్టి, పొట్ట మీద చెక్క పలక ఆనించి, అదే దిశలో దొర్లిస్తారు. పలక ఒత్తిడికి సంచి కదలకుండా ఉండగా ఒళ్లు తిరిగి దాన్ని అందుకుంటుంది. అయితే సుమారు 36 గంటలు దాటితే సంచి పక్క అవయవాలకు అతుక్కోవడం మొదలై, గోడ పెళుసుబారుతుంది. అప్పుడు పదేపదే దొర్లిస్తే అది చిరిగిపోవచ్చు. కాబట్టి మూడుసార్లకే ఆపి ఆపరేషన్‌కు పూనుకోవడం మీ డాక్టరు గారు తీసుకున్న సరైన నిర్ణయం.

కుట్లు సాధారణంగా 10 నుంచి 14 రోజుల్లో విప్పుతారు. గాయం పూర్తిగా మానే వరకు గేదెను చెరువులోకి వదలవద్దు, కొట్టం పొడిగా ఉంచండి, గాయం మీద ఈగలు వాలనివ్వవద్దు. యాంటీబయాటిక్ సూదులు మధ్యలో ఆపవద్దు. అవి వాడినన్నాళ్లూ, ఆ తర్వాత డాక్టరు చెప్పిన రోజుల వరకూ పాలు కేంద్రానికి పోయకూడదు. మేత మానినా, జ్వరం వచ్చినా, మానం నుంచి దుర్వాసనతో చీము కారినా అదే రోజు చూపించండి.

మళ్లీ కట్టించవచ్చు, కానీ కనీసం మూడు నెలలు ఆగి, గర్భసంచి మామూలు స్థితికి వచ్చిందని చేతి పరీక్షలో తేలాకే, ఎదకు వచ్చినప్పుడు కృత్రిమ గర్భధారణ సూది వేయించండి. లోపలి అతుకుల వల్ల కొన్ని గేదెల్లో చూడి ఆలస్యంగా నిలుస్తుంది. సూది వేయించిన తేదీ రాసి పెట్టుకుంటే, సుమారు 310 రోజుల లెక్కన ఈనే వారం మీకు ముందే తెలుస్తుంది. ఆ వారంలో నొప్పులు మొదలై నాలుగైదు గంటలైనా నీటి సంచి కనబడకపోతే వెంటనే డాక్టరును పిలవండి, లేదా సంచార పశువైద్యశాల కోసం 1962కు ఫోన్ చేయండి. ఆయన వచ్చి చూసే లోపు నొప్పులు పెరగడానికంటూ ఎవరు చెప్పినా ఆక్సిటోసిన్ సూది వేయించవద్దు. దారి మూసుకుపోయిన సంచి ఆ ఒత్తిడికి లోపలే పగిలిపోతుంది.