సౌమ్యకు: పిలా కొండల్లో సైకిల్ తొక్కబోయే ముందు

చిరంజీవి సౌమ్యకు,

పెద్దమ్మ ఆశీస్సులు. ఫ్రాన్స్ వచ్చి లియాన్‌లో చేరగానే రోడ్ బైక్ కొన్నావని, వచ్చే వేసవిలో మోన్ వాన్‌తూ కొండ ఎక్కుతానంటున్నావని మీ అమ్మ చెప్పింది. చాలా సంతోషం వేసింది. విశాఖ బీచ్ రోడ్డులో తొక్కినదానివి, కైలాసగిరి ఎక్కినదానివి, నీకు భయం ఉండదని తెలుసు. కానీ ఇక్కడి కొండలు వేరమ్మా. ఒక్కో రోడ్డు పది పన్నెండు కిలోమీటర్లు వదలకుండా ఎక్కుతూనే ఉంటుంది. అందుకే ముందు మన సాంతెతియెన్ ఊరి పక్కనున్న పిలా కొండలతో మొదలుపెట్టు. నేను ఎక్కువగా తొక్కింది ఇక్కడే.

అన్నిటికంటే ముఖ్యమైన మాట ముందే చెప్తున్నా. రూట్ గీసుకునేటప్పుడు కిలోమీటర్లు చూడకు, మొత్తం ఎన్ని మీటర్ల ఎత్తు ఎక్కాలో చూడు. చదునులో 80 కిలోమీటర్లు తొక్కేదానివి కదా అని ఇక్కడా 80 పెట్టుకుంటే, సగం దారిలోనే కాళ్లు మొరాయిస్తాయి. మొదట్లో నీకు గంటకు 400, 500 మీటర్ల ఎత్తు వస్తే చాలా బాగా ఎక్కినట్టే. ఆ లెక్కన టైం వేసుకో. మొదటి నెలంతా రోజుకు వెయ్యి మీటర్లు దాటొద్దు.

ఫోన్ యాప్ ఉన్నా సరే, మిష్లాన్ కాగితం మ్యాప్ ఒకటి కొనుక్కో. అందులో తెల్లగా ఉండే సన్నటి రోడ్లు మనవి. లారీలు ఉండవు, ఊరి నుంచి ఊరికి తిరుగుతూ పోతాయి. పక్కన ఆకుపచ్చ గీత ఉంటే చూడదగ్గ దారి అన్నమాట. రోడ్డు మీద చిన్న బాణం గుర్తు ఉంటే 5 నుంచి 9 శాతం వాలు, రెండు బాణాలుంటే 9 నుంచి 13, మూడుంటే అంతకు మించి. బాణం ఎప్పుడూ ఎక్కే వైపే చూపిస్తుంది. మూడు బాణాల రోడ్డును ఈ ఏడాదికి వదిలెయ్. గేర్ల సంగతి కూడా చూసుకో: ముందు చిన్న చక్రం 34 పళ్లు, వెనక పెద్దది కూడా 34 ఉంటే ఎక్కడైనా కూర్చునే ఎక్కగలవు. అంత తేలిక గేరు ఎందుకని షాపులో ఎవరైనా అన్నా పట్టించుకోకు.

ఇప్పుడు నీ మొదటి రూట్. ఆదివారం ఉదయం లియాన్ పార్‌దియూ స్టేషన్లో సాంతెతియెన్ వెళ్లే టీఈఆర్ (ప్రాంతీయ రైలు) ఎక్కు. సైకిల్‌కు టికెట్ అక్కర్లేదు కానీ చోటు తక్కువ, కాస్త ముందే వెళ్లు. సాంతెతియెన్ షాతోక్రూ స్టేషన్లో దిగి, ఊరు దాటి ప్లాన్‌ఫువా మీదుగా రిపబ్లిక్ కనుమ ఎక్కాలి. ఎత్తు 1161 మీటర్లు. వాలు సగటున 5 శాతం, అంటే తేలికా కాదు, కష్టమూ కాదు, ఒకే ఊపులో పోవచ్చు. ఇది పెద్ద రోడ్డు, మామూలు రోజుల్లో లారీలు తిరుగుతాయి, అందుకే ఆదివారం అన్నాను. ప్లాన్‌ఫువా దాటాక ఫర్ చెట్ల అడవి వస్తుంది. ఎండాకాలంలో కూడా అక్కడ గాలి చల్లగా తగులుతుంది, జిగురు వాసన వస్తుంది. మొదటి మూడు కిలోమీటర్లు పక్కనున్న మనిషితో మాట్లాడగలిగేంత నెమ్మదిగా ఎక్కు. ఎవరైనా నిన్ను దాటి పోతే పోనివ్వు.

ఈ కనుమకు సైకిల్ చరిత్రలో పెద్ద పేరుంది. 1903లో మొదటి టూర్ ద ఫ్రాన్స్ దీని మీదుగానే వెళ్లింది. ఆ పోటీ వెయ్యి మీటర్లు దాటి ఎక్కిన మొదటి కనుమ ఇదే. పైన ఒక స్మారక శిల కనిపిస్తుంది. అది పాల్ ద వివీది. అందరూ వెలోసియో అనేవారు. సాంతెతియెన్‌లోనే ఉండి, సైకిల్‌కు గేర్లు ఉండాలని జీవితమంతా పోరాడిన మనిషి. అప్పట్లో గేర్లు పెట్టుకోవడం చేతకానివాళ్ల పని అనుకునేవారు మరి! ఆయన శాకాహారి కూడా, నీకు నచ్చుతాడు. ఆకలి వేయకముందే తినమని, దాహం వేయకముందే తాగమని, చలి పట్టకముందే కప్పుకోమని, పంతం కోసం తొక్కొద్దని ఆయన చెప్పేవాడు. ఈ నాలుగూ పాటిస్తే నా ఉత్తరంలో మిగతాదంతా మర్చిపోయినా పర్లేదు.

కప్పుకోవడం గురించి మాత్రం ఇంకోసారి చెప్తాను. పైకి చేరేసరికి చెమటతో తడిసిపోయి ఉంటావు. అలాగే దిగడం మొదలుపెడితే ఐదు నిమిషాల్లో వేళ్లు కొయ్యబారిపోతాయి, బ్రేక్ పట్టు దొరకదు. పైన ఆగి, జాకెట్ మెడదాకా జిప్పు వేసుకుని, గ్లౌజులు తొడిగి అప్పుడు దిగు. బ్రేక్ లెవర్లు కూడా చూసుకో: మన దేశంలో సాధారణంగా కుడి చేతిది ముందు చక్రానికి, ఇక్కడ ఎడమ చేతిది. చదునులో పదిసార్లు అలవాటు చేసుకున్నాకే కొండ దిగాలి. మలుపులోకి వెళ్లాక బ్రేక్ పట్టకూడదు, మలుపుకు ముందే వేగం తగ్గించి, చూపు మలుపు చివర పెట్టి బ్రేక్ వదిలెయ్. వేసవిలో రోడ్లకు కొత్తగా తారు పూసి సన్న కంకర చల్లుతారు. ‘గ్రావియాన్’ అని బోర్డు కనిపిస్తే నడిచినంత నెమ్మదిగా పో.

కనుమ దిగితే బూర్గ్ అర్జాంతాల్, అక్కడి నుంచి లోయ వెంట అనొనే. 1783 జూన్‌లో మోంగోల్ఫియే సోదరులు వేడిగాలి బెలూన్ ఎగరేసి చూపించిన ఊరు అది. తర్వాత ఆందాన్స్ దగ్గర రోన్ నది మీద పాత వేలాడే వంతెన దాటి, ఆవలి ఒడ్డున సాన్ రాంబేర్ దాల్బోన్ స్టేషన్లో రైలెక్కి ఇంటికి పో. మొత్తం 70 కిలోమీటర్ల లోపే. నది వెంట చదునే కదా అని లియాన్ దాకా తొక్కాలనిపిస్తుంది. ఉత్తరం నుంచి మిస్త్రాల్ గాలి వీచే రోజున ఆ ఆలోచనే పెట్టుకోకు. కొండ కంటే ఎదురుగాలి ఎక్కువ అలిసిపోయేలా చేస్తుంది.

తిండి విషయంలో మన పులిహోరను మించింది లేదు. చిన్న ముద్దలు చేసి ఫాయిల్‌లో చుట్టి జెర్సీ జేబులో పెట్టుకో. ఇక్కడి సైకిల్ పోటీ టీంలు కూడా అన్నం ముద్దలే తింటాయి. దానికి తోడు అర్దేష్ ప్రాంతం వాళ్ల చెస్ట్‌నట్ క్రీం ట్యూబ్ ఒకటి ఉంచుకో, తీపికి తీపి, బలానికి బలం. పల్లెల్లో మధ్యాహ్నం పన్నెండు నుంచి రెండు దాకా షాపులు మూసేస్తారు, ఆదివారం మధ్యాహ్నం తర్వాత ఏదీ తెరిచి ఉండదు. నీళ్లు అయిపోతే చర్చి పక్కన శ్మశానం వెతుకు, పూలకు నీళ్లు పోసే కుళాయి ఉంటుంది. సంకోచపడకు, ఇక్కడ సైకిల్ వాళ్లందరూ అక్కడే నింపుకుంటారు. ‘నాన్ పోతాబ్ల్’ అని రాసి ఉంటే మాత్రం తాగకు.

రోడ్డు మీద కార్లవాళ్లు ఊరి బయట మీటరున్నర దూరం వదిలి దాటాలని చట్టం ఉంది, చాలామంది పాటిస్తారు. నాకు టెన్షన్ అంతా ఇంకోదాని గురించి. ఖాళీ రోడ్డులో ఫొటోకు ఆగి మళ్లీ బయల్దేరినప్పుడు మన అలవాటు మనల్ని ఎడమ వైపుకి లాగుతుంది. ఆగిన ప్రతిసారీ, కదిలే ముందు ‘కుడి’ అని పైకే అనుకో. ఊళ్లలో బోర్డు ఏమీ లేని కూడలిలో కుడి నుంచి వచ్చేవాళ్లకే దారి, చిన్న సందులోంచి వచ్చినా సరే.

ఏప్రిల్‌లో కూడా పైన మంచు పడొచ్చు కాబట్టి మే నుంచి మొదలుపెట్టు. ఈ రూట్ రెండు మూడుసార్లు హాయిగా అయ్యాక రోష్తయే మీదుగా లె బెసా, అక్కడి నుంచి 1201 మీటర్ల షోబురే కనుమ ఎక్కి, లా వల్లా మీదుగా సాన్ షమాన్ దిగు. అక్కడా రైలుంది. ఆ కనుమ రోడ్డు మీద బండ్లు చాలా తక్కువ.

వాన్‌తూకి జులైలో వెళ్దాం, నేనూ వస్తాను. అందరూ చెప్పే బెదువాన్ ఊరి వైపు నుంచి వద్దు. అటు 21 కిలోమీటర్లలో దాదాపు 1600 మీటర్లు ఎక్కాలి, మధ్యలో అడవి దాకా వచ్చాక 9, 10 శాతం వాలు చాలాసేపు వదలదు. ‘సో’ అనే ఊరి వైపు నుంచి 26 కిలోమీటర్లు, వాలు తక్కువ, కింద లావెండర్ తోటలు పూసి ఉంటాయి. ఆఖరి 6 కిలోమీటర్లు రెండు దారులకూ ఒకటే, చెట్టన్నది లేని తెల్ల రాళ్ల మీద గాలికి ఎదురు. ఆ 6 కిలోమీటర్లకు బలం మిగుల్చుకోవాలి. ‘సో’ ఊళ్లో బస త్వరగా నిండిపోతుంది, నీ పరీక్షల తేదీలు తెలియగానే ఫోన్ చెయ్యి, గది నేను చూస్తాను.

ప్రేమతో,
పెద్దమ్మ