రసాయనం కణాన్ని లాగదు, కణమే నడుస్తుంది

“గాయమైన చోటికే తెల్లరక్తకణాలు ఎలా చేరుకుంటాయి? అక్కడి రసాయనం వాటిని అయస్కాంతంలా లాగుతుందా?” అని అడిగారు. లాగదు. ఈ అయస్కాంతం పోలికతో నాకు పాత పేచీ ఉంది. పరిశోధక విద్యార్థినిగా ఉన్న రోజుల్లో నేనూ దాన్ని నమ్మి, ఒక రాత్రి చేసిన పొరపాటు వల్ల వదులుకున్నదాన్ని కనుక ఆ సంగతే చెబుతాను.

అప్పట్లో నా పని న్యూట్రోఫిల్స్ అనే ఒక రకం తెల్లరక్తకణాల నడకను సూక్ష్మదర్శిని కింద చిత్రీకరించడం. నా రక్తం నుంచే వేరుచేసిన కణాలను గాజుబిళ్లకు అంటించి, రెండు గాడులున్న పలక మీద బోర్లించి, ఒక గాడిలో ఎఫ్‌ఎమ్‌ఎల్‌పీ ద్రావణాన్ని, రెండో గాడిలో అది లేని ఉత్త బఫర్ ద్రావణాన్ని నింపితే, నడుమనున్న సన్నని గట్టు మీద ఆ పదార్థం గాఢత ఒక అంచు నుంచి మరో అంచుకు క్రమంగా తగ్గుతూ ఉంటుంది. ఎఫ్‌ఎమ్‌ఎల్‌పీ అనేది బ్యాక్టీరియా ప్రోటీన్ల తొలి ముక్కను పోలిన చిన్న పెప్టైడు. బ్యాక్టీరియా తమ ప్రోటీన్లను ఫార్మైల్ మెథియోనిన్ అనే అమైనో ఆమ్లంతో మొదలుపెడతాయి. మన కణద్రవ్యంలో తయారయ్యే ప్రోటీన్లు అలా మొదలుకావు కాబట్టి న్యూట్రోఫిల్‌కు అది శత్రువు వాసన. మన కణాల్లో శక్తిని తయారుచేసే మైటోకాండ్రియాలు మాత్రం బ్యాక్టీరియా సంతతివే కావడంతో ఆ అలవాటును వదులుకోలేదు. అందుకే క్రిములు లేకపోయినా, నలిగిన కణాల నుంచి వాటి శకలాలు బయటపడితే చాలు, తెల్లకణాలు వస్తాయి.

ఆ రాత్రి కణాలు ఎంతో చురుగ్గా కదిలాయి. గుండ్రంగా ఉన్నవి కొద్ది నిమిషాల్లోనే పొడవుగా సాగి, ముందు విసనకర్రలాంటి పల్చని అంచును, వెనక చిన్న తోకను ఏర్పరచుకొని, నిమిషానికి సుమారు 10 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) చొప్పున పాకసాగాయి. కానీ దిక్కంటూ లేదు. ఒకటి కుడికి పోతే దాని పక్కది ఎడమకు పోయింది. ఇంకొకటి కాగితం మీద నేను గీస్తున్న దాని దారిని అదే దాటుకుంటూ చుట్లు తిరిగింది. కణాలు పాడయ్యాయనుకొని మళ్లీ రక్తం తీయించుకున్నాను, పలకను కడిగాను, వేడి పీఠాన్ని అనుమానించాను. తెల్లవారుజామున గొట్టాల మీది చీటీలు చదివితే అసలు సంగతి తెలిసింది: రెండు గాడుల్లోనూ ఒకే గాఢత గల ఎఫ్‌ఎమ్‌ఎల్‌పీ పోశాను.

పదార్థమే లాగేదైతే, అన్ని వైపులా సమానంగా ఉన్నప్పుడు కణం కదలకుండా ఉండాలి. నా కణాలు పరుగెత్తాయి. నడక కణం సొంతం. పదార్థం దాన్ని లేపుతుంది, రెండు వైపుల మధ్య తేడా దానికి దిక్కు చూపుతుంది. ఆ తేడా ఎంత స్వల్పంగా ఉన్నా చాలుతుందో శాలీ జిగ్మండ్ 1977లోనే చూపారు: కణం ఒక కొన నుంచి మరో కొనకు గాఢతలో దాదాపు 1 శాతం తేడా ఉంటే న్యూట్రోఫిల్ సరైన వైపుకు తిరగగలదు.

ఇందులో నన్ను ఇప్పటికీ ఆశ్చర్యపరిచే విషయం, పదార్థాన్ని పసిగట్టే గ్రాహకాలు ముందువైపుకు పోగుపడకుండా ఒంటినిండా ఇంచుమించు సమానంగానే ఉండటం. పోగుపడేవి లోపలి సంకేతాలు. గ్రాహకం, కబురును లోపలికి అందించే జీ ప్రోటీన్‌ను మేల్కొలిపితే, గాఢత ఎక్కువగా ఉన్న వైపు పొర మీద పిప్3 అనే కొవ్వు అణువు పెరుగుతుంది. అక్కడే రాక్ అనే ప్రోటీన్, కణానికి ఆకారాన్నిచ్చే ఆక్టిన్ పోగులను కొమ్మలు కొమ్మలుగా పెంచి పొరను ముందుకు నెడుతుంది. వెనకవైపు రో అనే ప్రోటీన్, ఆక్టిన్ పోగులను లాగే మయోసిన్‌ను బిగించి తోకను లాక్కుంటుంది. ఈ రెండూ ఒకదాన్నొకటి అణచుకుంటాయి గనుక బయటి చిన్న తేడా లోపల ముందూ వెనకలుగా స్థిరపడుతుంది. ల్యాట్రంక్యులిన్ అనే మందుతో ఆక్టిన్‌ను పడగొడితే కణం గుండ్రమై కదలలేదు, అయినా పదార్థం ఉన్న వైపు పొర మీద పిప్3 పోగుపడుతూనే ఉంటుంది. కాళ్లు విరిగినా చూపు పోలేదన్నమాట. నా దృష్టిలో అయస్కాంతం కథకు ఈ ఒక్క ప్రయోగమే సమాధి కట్టింది.

అలాగని పాఠ్యపుస్తకాల్లో లాగా పిప్3నే దిక్సూచి అనడం కూడా నాకు నచ్చదు. దాన్ని తయారుచేసే పీఐ3 కైనేజ్ అనే ఎంజైముల జన్యువులను తీసేసినా డిక్టియోస్టీలియం అనే నేల అమీబాలు తమను ఆకర్షించే సైక్లిక్ ఏఎంపీ ఉన్న చోటికి వెళ్లగలవని 2007లో తేలింది. దారులు ఒకటి కంటే ఎక్కువ ఉన్నాయి. బాణాల బొమ్మల్లో ఆ సంగతి కనబడదు. ఇంతకంటే పెద్ద ఫిర్యాదు, సన్నని రంధ్రాల పొరను కణాలు దాటడాన్ని చూసే వడపోత పరీక్ష మీద. 1962లో బాయిడెన్ రూపొందించిన ఆ పరికరం మంచిదే, కానీ పొరను దాటిన కణాలను లెక్కపెట్టి, పైనా కిందా గాఢతలను మార్చి చూడకుండానే, కీమోటాక్సిస్ (రసాయనం చూపిన దిక్కుకు నడవడం) అని రాసేవారు ఎందరో. దిక్కు లేకుండా తిరిగిన నా ఆ రాత్రి కణాలు కూడా ఆ పొరను దాటేసేవే.

బ్యాక్టీరియా సంగతి వేరు. రెండు మైక్రాన్ల పొడవుండే ఈ.కోలై బ్యాక్టీరియా తన రెండు కొనలను పోల్చుకోదు. ఈత కొడుతూ, ఇప్పటి గాఢతను కొన్ని క్షణాల కిందటి గాఢతతో పోలుస్తుంది. పెరుగుతుంటే పల్టీలు తగ్గించి నేరుగా సాగుతుంది. గ్రాహకాల మీద మిథైల్ గుంపులనే చిన్న రసాయన గుర్తులు చేరడం, తొలగడమే దానికి జ్ఞాపకం.

మర్నాడు చీటీలు రెండుసార్లు చదివి, సరైన ద్రావణాలు పోశాను. కణాల్లో ఎక్కువ భాగం ఒకే వైపుకు పాకాయి. తర్వాత రెండు గాడుల ద్రావణాలను తారుమారు చేశాను. తోకే తలగా మారి కణం వెనక్కి నడుస్తుందని ఎదురుచూశాను, కానీ చాలా కణాలు తమ ముందు అంచును అలాగే ఉంచుకొని, కొద్దికొద్దిగా వంగుతూ చుట్టు తిరిగి కొత్త దిక్కు పట్టాయి. నా నోటుపుస్తకంలో ఆ దారులన్నీ జడపిన్నుల్లా వంగి ఉన్నాయి.