ఈత మాస్టారి జవాబులు: రెండు వేళ్ల తేడా

ప్రశ్న: మాస్టారూ, 2025 సింగపూర్ ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లో మగవాళ్ల 400 మీటర్ల ఫ్రీస్టైల్ ఫైనల్‌ను ఫోన్‌లో చూశాను. జర్మనీ కుర్రాడు లూకాస్ మెర్టెన్స్ 3:42.35, ఆస్ట్రేలియా సామ్ షార్ట్ 3:42.37. నా కంటికైతే ఇద్దరూ ఒకేసారి గోడ తాకారు. ఈ 0.02 సెకన్లు ఎలా తేల్చారు? షార్ట్‌కి అన్యాయం జరగలేదంటారా?
- ఓ పాఠకుడు, తెనాలి

జవాబు: మీ కంటికే కాదు, పూల్ గట్టున కూర్చున్నవాళ్ల కంటికీ అది అందదండీ. అందుకే ఈ పని కళ్ల చేతిలోంచి తీసేసి చాలాకాలమైంది. ప్రతి లేన్ చివర గోడకి ఒక టచ్ ప్యాడ్ వేలాడుతుంది. అల తగిలితే అది పలకదు, చేత్తో నొక్కితేనే గడియారం ఆగుతుంది.

లెక్క వేసి చూడండి. 400 మీటర్లు 222 సెకన్లలో ఈదారంటే సెకనుకి సుమారు 1.8 మీటర్లు. 0.02 సెకన్లలో దాటేది 3.6 సెంటీమీటర్లు. మీ చూపుడు వేలు, మధ్య వేలు పక్కపక్కన పెట్టుకోండి. మెర్టెన్స్ గెలిచింది ఆ వెడల్పుతో. అన్యాయం మాట అడిగారు కాబట్టి చెబుతున్నా. 2023లో ఫుకువోకా ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లో, ఇదే పందెంలో, ఇదే షార్ట్ ట్యునీషియా కుర్రాడు అహ్మద్ హఫ్నావీని 3:40.68, 3:40.70 తేడాతో ఓడించాడు. సరిగ్గా అదే 0.02. అక్కడ చేతికొచ్చింది ఇక్కడ చేజారింది.

వందో వంతుతోనే ఎందుకు ఆగుతారో కూడా చెప్పాలి. 1972 మ్యూనిక్ ఒలింపిక్స్‌లో 400 మీటర్ల మెడ్లీని (నాలుగు రకాల ఈతలు కలిసిన పందెం) వెయ్యో వంతులో తేల్చారు. స్వీడన్ గున్నార్ లార్సన్ 4:31.981, అమెరికా టిమ్ మెక్‌కీ 4:31.983. అంటే దాదాపు 3 మిల్లీమీటర్లు. కానీ 50 మీటర్ల పూల్ కొన్ని మిల్లీమీటర్లు ఎక్కువ ఉన్నా పరవాలేదని నిబంధనలే ఒప్పుకుంటాయి. పక్క లేన్ కన్నా తనది నాలుగు మిల్లీమీటర్లు పొడుగైతే మెక్‌కీ ఏం చేస్తాడు పాపం? ఆ తర్వాత వెయ్యో వంతు తీసేశారు. ఇప్పుడు వందో వంతు దాకా సమానమైతే ఇద్దరికీ అదే పతకం.

నా సంగతీ ఒకటి. కుర్రతనంలో ఒక జిల్లా పోటీ ఫైనల్లో ఆఖరి బార వేసి, గోడ వచ్చేసిందనుకొని చేయి చాపి జారుతూ వెళ్లాను. వెళ్తూ వెళ్తూ పక్కవాడు ఎక్కడున్నాడా అని తల ఎత్తాను. వాడు తల దించుకునే ఇంకో అర బార వేశాడు. అప్పట్లో లేన్‌కి ముగ్గురు స్టాప్‌వాచ్‌లు పట్టుకొని నిలబడేవారు, మూడూ వేరువేరుగా ఉంటే మధ్యది తీసుకునేవారు. నా మూడు గడియారాలూ నేను రెండోవాడినే అన్నాయి. వాచీలను తిట్టుకుంటూ ఇంటికెళ్లాను. తప్పు నా మెడదని ఒప్పుకోడానికి చాలాకాలం పట్టింది.

ప్రశ్న: మా అబ్బాయికి 14 ఏళ్లు. 400 మీటర్లు 5 నిమిషాల్లో ఈదుతాడు. మొదటి వందలో అందరికన్నా ముందుంటాడు, మూడో వందకి వచ్చేసరికి చేతులు బరువెక్కి వెనకబడిపోతాడు. స్టామినా లేదంటారు కోచ్. ఏం తినిపించాలి?
- ఓ అమ్మ, నిజామాబాద్

జవాబు: అమ్మా, తిండి సంగతి తర్వాత చూద్దాం. ముందు వాడి మొదటి వంద టైమ్ ఎంతో అడగండి. 67, 68 సెకన్లని చెబుతాడని నా అనుమానం. 5 నిమిషాలంటే వందకి 75 చొప్పున పడాలి. అందులో మొదటిదానికి డైవ్ సాయం ఉంటుంది కాబట్టి 73 సరిపోతుంది. తర్వాత 76, 76, ఆఖరిది 75. కూడితే సరిగ్గా 300. వాడేమో మొదటి వందలోనే ఐదారు సెకన్లు అప్పు తెచ్చుకొని, మూడో వందలో వడ్డీతో సహా కడుతున్నాడు.

ఈ పందెంలో ఇబ్బంది ఏమిటంటే, మొదటి వందలో ఎవరికీ ఆయాసం తెలియదు. ఒళ్లు తేలిగ్గా ఉంటుంది, గట్టు మీంచి అమ్మానాన్నలు అరుస్తుంటారు (మీరు కూడానా?). మూడో వందలో అరుపులు తగ్గుతాయి. అక్కడే బార కురచవుతుంది. కాబట్టి సాధనలో 50 మీటర్లకి ఎన్ని బారలు వేస్తున్నాడో లెక్కపెట్టమనండి. మొదటి వందలో 44 అయితే మూడో వందలోనూ 46 దాటకుండా చూసుకోవాలి. వారానికి రెండుసార్లు 50 మీటర్లు ఎనిమిదిసార్లు, మధ్య 15 సెకన్లు మాత్రమే ఆగుతూ, ప్రతి యాభై 38 సెకన్లకి రావాలి. 36కి వచ్చినా ఒప్పుకోవద్దని కోచ్‌గారికి చెప్పండి. పిల్లలకి వేగంగా ఈదడం నేర్పక్కర్లేదు. కావాలని కాస్త నిదానంగా ఈదమంటేనే ఏడుస్తారు. తిండికొస్తే, పోటీకి రెండు మూడు గంటల ముందు ఇడ్లీయో అన్నమో పెట్టండి, ఆ రోజు కొత్త ప్రయోగాలు వద్దు.

ప్రశ్న: నాకు ఆస్తమా. ఇన్‌హేలర్ వాడుతూ పోటీల్లో దిగొచ్చా? డోపింగ్ కిందికి వస్తుందేమోనని టెన్షన్‌గా ఉంది.
- డిగ్రీ విద్యార్థి, విశాఖపట్నం

జవాబు: ఈ పందెం చరిత్రలోనే మీ ప్రశ్న ఉంది. 1972 మ్యూనిక్‌లో 400 మీటర్ల ఫ్రీస్టైల్ గెలిచింది రిక్ డిమాంట్ అనే 16 ఏళ్ల అమెరికా కుర్రాడు. ఆస్ట్రేలియా బ్రాడ్ కూపర్ కన్నా వందో వంతు ముందు. డిమాంట్‌కి ఆస్తమా. తాను వాడే మందు పేరు ఫారంలో రాసే ఇచ్చాడు. అందులో ఎఫిడ్రిన్ అనే నిషేధిత పదార్థం ఉందన్న సంగతి పట్టించుకొని తేల్చాల్సిన పెద్దవాళ్లు తేల్చలేదు. పరీక్షలో దొరికింది. పతకం వెనక్కి తీసుకున్నారు, 1500 ఫైనల్లో దిగనివ్వలేదు. మరుసటి ఏడాది బెల్‌గ్రేడ్‌లో మొట్టమొదటి ప్రపంచ ఛాంపియన్‌షిప్ జరిగింది. అదే డిమాంట్, అదే కూపర్, అదే 400. డిమాంట్ 3:58.18కి ముగించాడు. నాలుగు నిమిషాల లోపు ఈదిన మొదటి మనిషి అతనే. ఆ పిల్లాడి గురించి చెప్పినప్పుడల్లా నాకు గొంతు పట్టేస్తుంది, ఏమనుకోకండి.

మీరు దిగొచ్చు. ఇన్‌హేలర్లలో కొన్నిటికి ఒక మోతాదు దాకా అనుమతి ఉంటుంది, కొన్నిటికి ముందే అనుమతి పత్రం తీసుకోవాలి. మీ మందు ఏ కోవలోదో డాక్టరుని అడిగి, జాతీయ డోపింగ్ నిరోధక సంస్థ నాడా జాబితాతో సరిచూసుకోండి. ఎవరో ఫారం చూస్తారులే అని వదిలేయకండి. ఇంకో మాట, గాలి ఆడని ఇండోర్ పూల్‌లో క్లోరిన్ ఘాటు కొందరికి ఆయాసం తెప్పిస్తుంది. వీలైతే ఆరుబయట పూల్ చూసుకోండి.

ప్రశ్న: చివరి లేన్ వస్తే ఓడిపోయినట్టేనా?
- శ్రీకాకుళం పాఠకుడు

జవాబు: హీట్స్‌లో, అంటే ఫైనల్‌కి ఎనిమిదిమందిని ఎంచే పందేల్లో, మొదటివాడికి 4వ లేన్, తర్వాత వరసగా 5, 3, 6, 2, 7, 1, ఎనిమిదోవాడికి 8. టోక్యో ఒలింపిక్స్ 400 మీటర్ల ఫ్రీస్టైల్‌లో పైన చెప్పిన హఫ్నావీ 18 ఏళ్ల వయసులో ఎనిమిదో లేన్‌లోంచి 3:43.36తో బంగారం పట్టుకెళ్లాడు. 2011లో షాంఘై ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లో అదే పందెాన్ని కొరియా పార్క్ టే హ్వాన్ ఒకటో లేన్‌లోంచి గెలిచాడు. మధ్య లేన్ల వాళ్లు ఒకరినొకరు చూసుకుంటూ ఉంటారు, గోడ పక్కవాడి మీద ఎవరి కన్నూ ఉండదు. అలాగని హీట్స్‌లో నిదానంగా ఈదకండి, ఫైనల్‌కే రారు.

ప్రశ్న: ఊరి బావిలో నేర్చుకున్న ఈత పోటీకి పనికొస్తుందా?
- పాఠకురాలు, కోనసీమ

జవాబు: ఊపిరి, ధైర్యం రెండూ పనికొస్తాయి. నేనూ సొరకాయ బుర్ర కట్టుకొని కాలవలో నేర్చుకున్నవాణ్నే. కానీ కాలవలో, బావిలో మనం తల పైకెత్తి ఈదుతాం. గట్టు కనబడాలి, పాము కనబడాలి, పిలిచినవాడు కనబడాలి. పూల్‌లో తల ఎత్తితే నడుము కిందికి దిగి, నీళ్లు వెనక్కి లాగుతాయి. ముందు ముఖం నీళ్లలో పెట్టి, అడుగున నల్లగీత చూస్తూ, పక్కకి తిరిగి ఊపిరి తీయడం అలవాటు చేసుకోండి. నాకు అది రెండేళ్లకి గానీ రాలేదు. తెనాలి పాఠకుడికి చెప్పానే, ఆ ఫైనల్లో నేను పైకెత్తింది ఈ కాలవ తలే.