అమ్మాయి గేమింగ్‌లోకి వెళ్తానంటోంది, భయంగా ఉంది

ప్రశ్న: మాది ఖమ్మం. మా అమ్మాయి ఇంటర్ ఎంపీసీ సెకండియర్, వయసు 17. రెండేళ్లుగా వాలరెంట్ అనే షూటింగ్ వీడియో గేమ్ ఆడుతోంది. వారానికి రెండు మూడు సార్లు యూట్యూబ్‌లో లైవ్ పెడుతుంది. కామెంటరీ బాగా చెబుతుందని ఒక ఈ-స్పోర్ట్స్ (వీడియో గేమ్ పోటీల) టీమ్ వాళ్లు కాంట్రాక్టు పంపారు. ఈమధ్య లైవ్‌లో ఎవరెవరో బూతులు రాస్తున్నారు. ఒకడు ఫోటో మార్ఫ్ చేసి పెడతానని బెదిరించాడట. ఏడుస్తూ వచ్చి చెప్పింది. వెంటనే ఫోన్, కంప్యూటర్ తీసేసుకున్నాం. అప్పటి నుంచి మాతో సరిగ్గా మాట్లాడటం లేదు. బీటెక్ సీఎస్ఈ మేలా, గేమ్ డిజైన్ డిగ్రీ మేలా, ఈ-స్పోర్ట్స్‌లో అసలు భవిష్యత్తు ఉందా? పోల్చి చెప్పగలరు.
– ఒక తండ్రి

జవాబు: కోర్సుల పోలిక చెబుతాను. ముందు ఆ ఫోన్ సంగతి మాట్లాడుకుందాం.

ఇలాంటి ఉత్తరాలు నాకు చాలా వస్తాయి. పైకి కోర్సు గురించి అడుగుతారు, లోపల ఉండే టెన్షన్ వేరు. ఆడపిల్ల, ఆ ఫోటో ఎక్కడ తేలుతుందో, బంధువుల్లో ఎవరు చూస్తారో అని రాత్రి నిద్ర పట్టదు. మీ భయం నాకు అర్థమైంది. కానీ ఆ భయంలో మీరు చేసిన పని తప్పు. కోపం వచ్చినా ఈ మాట చెప్పక తప్పదు. తప్పు చేసింది ఎవడో, శిక్ష పడింది మీ అమ్మాయికి. 17 ఏళ్ల పిల్ల అలాంటి విషయాన్ని నాన్న దగ్గరికి వచ్చి చెప్పిందంటే మిమ్మల్ని ఎంత నమ్మి ఉండాలి! నా దగ్గరికి వచ్చే పిల్లల్లో చాలామంది ఇంట్లో నోరు విప్పకుండా నెలల తరబడి కుమిలిపోయినవాళ్లే. ఎందుకు చెప్పలేదమ్మా అంటే అందరిదీ ఒకటే మాట. 'చెబితే ఫోన్ లాక్కుంటారు మేడమ్.' బెదిరించేవాడికి కూడా ఈ సంగతి తెలుసు. అందుకే వాడు 'మీ నాన్నకు చెబుతా' అంటాడు. మీ పాప ఆ ఎత్తు పారనివ్వకుండా తనే ముందొచ్చి చెప్పింది. మీరు ఫోన్ లాక్కుని, చెప్పినందుకు బాధపడేలా చేశారు.

ఈ రోజే ఫోన్ తిరిగి ఇవ్వండి. పక్కన కూర్చుని స్క్రీన్‌షాట్లు తీయించండి. వాడి ఐడీ, లింకు, తేదీ, సమయం కనబడాలి. ఇదంతా బ్లాక్ చేయకముందే జరగాలి, చాలామంది కంగారులో ముందు బ్లాక్ చేసి సాక్ష్యం పోగొట్టుకుంటారు. తర్వాత కేంద్ర ప్రభుత్వ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టండి, మహిళలు, పిల్లల మీద జరిగే నేరాలకు అందులో ప్రత్యేక విభాగం ఉంది. మీ జిల్లా షీ టీమ్స్‌ను కూడా కలవండి. పాపకు 18 నిండలేదు కాబట్టి మార్ఫింగ్ ఫోటోతో బెదిరించడం పోక్సో, అంటే పిల్లలను లైంగిక నేరాల నుంచి కాపాడే చట్టం కిందికి వస్తుంది. పిల్ల పేరు, చదివే కాలేజీ, ఇంటి వివరాలు బయటికి రాకూడదని ఆ చట్టమే చెబుతోంది. పరువు గురించి మీకున్న భయానికి చట్టంలోనే కొంత రక్షణ ఉంది, వాడుకోండి.

ఇక గేమింగ్‌లో ఉద్యోగం చేస్తే ఈ వేధింపులు ఉండవా అంటే, ఉంటాయి. మీకు అబద్ధం చెప్పలేను. దక్షిణ కొరియాలో గెగూరి అనే అమ్మాయి ఓవర్‌వాచ్ అనే షూటింగ్ గేమ్ ఆడేది. 2016లో ఆమె గురి చూసి, ఒక ఆడపిల్ల ఇంత బాగా ఎలా కొడుతుంది, ఏదో సాఫ్ట్‌వేర్‌తో మోసం చేస్తోందని తోటి ఆటగాళ్లు నిందలు వేశారు. చేతులు, మౌసు కెమెరాకు కనిపించేలా స్టూడియోలో అందరి ముందు ఆడి ఆమె నిజం నిరూపించుకోవాల్సి వచ్చింది. 2018లో ఓవర్‌వాచ్ లీగ్‌లో అడుగుపెట్టిన మొదటి మహిళ ఆమే. మీ పాప ఆడే వాలరెంట్‌ను తయారుచేసిన రయట్ గేమ్స్ సంగతే చూడండి. మహిళా ఉద్యోగులకు జీతాల్లో, ప్రమోషన్లలో వివక్ష చూపించారని అమెరికాలో వేసిన కేసులో 2021 డిసెంబరులో 10 కోట్ల డాలర్లకు రాజీ కుదుర్చుకుంది. అంటే ఇది చాట్‌లో బూతులు రాసే కుర్రాళ్లతో ఆగిపోయేది కాదు, జీతం చీటీ దాకా వస్తుంది.

బూతులు పడలేక చాలామంది అమ్మాయిలు మైక్ ఆపేసి ఆడతారు. మారుపేరు పెట్టుకుని, ఎవరో తెలియకుండా నెట్టుకొస్తారు. కామెంటరీ చెప్పే అమ్మాయికి ఆ వెసులుబాటు లేదు. ఆమె గొంతే ఆమె పని. మీ పాప ఎంచుకుంటున్నది ఈ రంగంలో ఎక్కువ మాటలు పడే చోటు. ఈ విషయం ఆమెతోనే కూర్చుని మాట్లాడండి. ఆమెకు ఇప్పటికే తెలుసు, మీకు తెలిసిందని ఆమెకు తెలియాలి.

ఈ-స్పోర్ట్స్ మీద నాకున్న అనుమానాలు కూడా దాచను. 2022 డిసెంబరులో కేంద్రం దీన్ని క్రీడల శాఖ పరిధిలోకి తెచ్చింది. 2025 ఆగస్టులో వచ్చిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం డబ్బులు పెట్టి ఆడే ఆటలను నిషేధించి, ఈ-స్పోర్ట్స్‌కు గుర్తింపు ఇచ్చింది. అప్పటి నుంచి 'మేడమ్, ఇప్పుడు గవర్నమెంటే ఒప్పుకుంది కదా' అని పిల్లలు నాతో వాదిస్తున్నారు. గుర్తింపు వేరు, జీతం వేరు. క్రికెట్ ఎవరి సొత్తూ కాదు, ఏ కంపెనీ మూతపడినా గ్రౌండ్‌లో ఆట ఆగదు. వీడియో గేమ్ అలా కాదు, దానికి యజమాని ఉంటాడు. 2020 సెప్టెంబరులో పబ్‌జీ మొబైల్‌ను నిషేధించారు. 2022 ఫిబ్రవరిలో ఫ్రీ ఫైర్‌ను నిషేధించారు. పబ్‌జీకి బదులు మన దేశం కోసం తెచ్చిన బీజీఎంఐ అదే ఏడాది జూలైలో ప్లే స్టోర్ నుంచి మాయమై, మళ్లీ 2023 మేలో గానీ రాలేదు. ఆ పది నెలలు దాన్నే నమ్ముకున్న కుర్రాళ్లు ఏం చేయాలి? టోర్నమెంట్లు లేవు, స్పాన్సర్లు లేరు, వయసు మాత్రం ఆగదు. ఇరవై నాలుగు, ఇరవై అయిదు వచ్చేసరికి చేతి వేగం తగ్గిందని పక్కన పెట్టేసే రంగంలో పది నెలలంటే మాటలు కాదు.

డబ్బు లెక్క కూడా చూడండి. టీమ్ 10 లక్షలు గెలిచిందని పేపర్లో పడుతుంది. అందులో 30 శాతం పన్ను ముందే కోస్తారు, మీ ఆదాయం ఎంత తక్కువైనా సరే. మిగిలింది 7 లక్షలు. టీమ్ యాజమాన్యం వాటా 30 శాతం అనుకుందాం, అది పోతే 4 లక్షల 90 వేలు. అయిదుగురు పంచుకుంటే తలా 98 వేలు. అదీ గెలిచిన టీమ్‌కు. రెండో రౌండ్‌లో ఇంటికొచ్చిన టీమ్ పిల్లలకు కరెంటు బిల్లు, ఇంటర్నెట్ బిల్లు మిగులుతాయి. అమ్మాయిల టోర్నమెంట్లలో బహుమతి సొమ్ము ఇంకా తక్కువ. వాలరెంట్‌లో మహిళల కోసం గేమ్ ఛేంజర్స్ పేరుతో 2021 నుంచి వేరే పోటీలు నడుస్తున్నాయి, అది మంచిదే, కానీ ప్రధాన పోటీల సొమ్ముతో దానికి పోలిక లేదు.

ఇప్పుడు మీకొచ్చిన కాంట్రాక్టు. అది చూడకుండా దాని గురించి చెప్పలేను. అయితే కిందటి ఏడాది ఒక అమ్మాయి తెచ్చిన కాంట్రాక్టు ఇంకా నా కళ్ల ముందే ఉంది. వాట్సాప్‌లో వచ్చిన పీడీఎఫ్, ఫోన్‌లోనే వేళ్లతో పెద్దది చేసి చదివాం. మూడేళ్లు వేరెవరికీ పని చేయకూడదు. జీతం అన్న చోట అంకె లేదు, 'పర్ఫార్మెన్స్‌ను బట్టి' అని ఉంది. యూట్యూబ్ ఛానెల్ లాగిన్ వాళ్లకు ఇవ్వాలి. మధ్యలో మానేస్తే 5 లక్షలు కట్టాలి. అప్పటికే ఆ పిల్ల ఒక టోర్నమెంటుకు పదకొండు రోజులు కామెంటరీ చెప్పి వచ్చింది, మధ్యాహ్నం మూడింటికి కూర్చుంటే అర్ధరాత్రి దాటేది. అదే టోర్నమెంటులో పక్కన కూర్చున్న అబ్బాయికి రోజుకు ఇంత అని మాట్లాడుకున్నారు. ఈ అమ్మాయికి మాత్రం 'నీకు ఎక్స్‌పోజర్ వస్తుంది' అన్నారు. ఎన్నోసార్లు అడిగాక ఏడు నెలలకు సగం డబ్బులు వచ్చాయి. మిగతా సగం ఇప్పటికీ రాలేదు.

1872 నాటి కాంట్రాక్టు చట్టం ప్రకారం 18 నిండనివాళ్లు చేసుకున్న ఒప్పందం చెల్లదు. 1903లో బ్రిటిష్ కాలపు పై కోర్టు ప్రివీ కౌన్సిల్ ఇచ్చిన తీర్పు నుంచి ఇది స్థిరపడిన మాట. టీమ్ వాళ్లకూ ఇది తెలుసు, అందుకే తండ్రి సంతకం అడుగుతారు. మీరు సంతకం పెడితే రేపు ఆ 5 లక్షలకో, 10 లక్షలకో నోటీసు మీ పేరు మీద వస్తుంది. 2019లో దక్షిణ కొరియాలో ఒక మైనర్ ఆటగాడిని ఒత్తిడి చేసి దీర్ఘకాల ఒప్పందం రాయించుకున్నారని పెద్ద గొడవైంది, ఆ తర్వాతే అక్కడ ఆటగాళ్లకు ప్రామాణిక కాంట్రాక్టు ఉండాలని చట్టం మార్చారు. ఈ-స్పోర్ట్స్‌కు అంత పేరున్న చోటే అలా జరిగితే, మన దగ్గర వాట్సాప్‌లో వచ్చిన కాగితాన్ని ఎలా నమ్ముతాం? నెలకు ఎంతో అంకె రాసి ఉండాలి. ఎన్నో తారీఖున ఇస్తారో ఉండాలి. ఛానెల్ పిల్ల పేరు మీదే ఉండాలి. ముందు డిపాజిట్ కట్టమన్నా, బెట్టింగ్ యాప్‌ను ప్రమోట్ చేయమన్నా ఇంకో మాట లేకుండా లేచి వచ్చేయండి. డబ్బులు పెట్టి ఆడే ఆటలను తెలంగాణలో 2017లోనే నిషేధించారు. ఒక వకీలుకు చూపించకుండా సంతకం వద్దు. పాపకు 18 నిండాక, డిగ్రీలో చేరాక చూసుకోవచ్చు. నిజంగా ఆమె గొంతు కావాలనుకున్నవాళ్లు ఏడాది ఆగుతారు.

అయితే ఆటగాళ్లూ కామెంటేటర్లే గేమింగ్ రంగం కాదు. గేమ్‌లు తయారు చేసే స్టూడియోల్లో ప్రోగ్రామర్లు, ఆర్టిస్టులు, లెవెల్ డిజైనర్లు, టెస్టర్లు ఉంటారు. పెద్ద గేమ్ కంపెనీ ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ స్టూడియో హైదరాబాద్‌లోనే ఉంది. టెస్టర్ ఉద్యోగం సులువుగా దొరుకుతుందని పిల్లలు ఎగబడతారు. చాలావరకు అవి కాంట్రాక్టు ఉద్యోగాలు, జీతం తక్కువ, గేమ్ విడుదల దగ్గర పడితే రాత్రీ పగలూ పని. పెద్ద కంపెనీల్లోనూ స్థిరత్వం లేదు, 2024 జనవరిలో మైక్రోసాఫ్ట్ తన గేమింగ్ విభాగంలో 1,900 మందిని తీసేసింది. అయినా ఆఫీసులో చేరిన అమ్మాయికి కొంత అండ ఉంటుంది. పది మంది, అంతకు మించి పనిచేసే చోట లైంగిక వేధింపుల ఫిర్యాదులకు అంతర్గత కమిటీ ఉండి తీరాలని 2013 చట్టం చెబుతోంది. జీతం లేకుండా, వాలంటీరుగా పని చేసినా ఆ చట్టం వర్తిస్తుంది. 'ఎక్స్‌పోజర్' కోసం కామెంటరీ చెప్పే పిల్లలకు ఈ సంగతి ఎవరూ చెప్పరు.

మీరు అడిగిన పోలిక నా లెక్కలో చిన్నదే. పాపకు లెక్కలు ఇష్టమైతే సీఎస్ఈలో చేర్పించండి. రెండో ఏడాది నుంచి గేమ్‌లు తయారుచేసే సాఫ్ట్‌వేర్లు యూనిటీయో అన్‌రియలో నేర్చుకుని చిన్నదైనా ఒక గేమ్ పూర్తి చేయమనండి. గేమింగ్ కుదరకపోతే అదే డిగ్రీతో ఇంకో ఉద్యోగం వెతుక్కోవచ్చు, ఇందులో నాకు నచ్చేది అదే. బొమ్మలు, డిజైన్ మీద మనసుంటే యూసీడ్ అనే ప్రవేశ పరీక్ష రాసి బీడిజైన్ డిగ్రీకి వెళ్లొచ్చు, ఐఐటీ హైదరాబాద్‌లో కూడా ఉంది. ప్రైవేటు గేమ్ డిజైన్ డిగ్రీల్లో లక్షల ఫీజు కట్టే ముందు రెండే అడగండి: పాఠం చెప్పేవాళ్లలో ఎవరైనా మార్కెట్‌లోకి వచ్చిన గేమ్‌కు పని చేశారా, కిందటి బ్యాచ్ పిల్లలు ఇప్పుడు ఎక్కడున్నారు. బ్రోచర్ చూపించి సరిపెడితే వద్దు. కామెంటరీని శని, ఆదివారాల్లో కొనసాగించనివ్వండి. గంటల తరబడి తడబడకుండా మాట్లాడగల పిల్ల ఏ ఇంటర్వ్యూలోనూ వెనకబడదు, ఆ విషయంలో మీరు నిశ్చింతగా ఉండండి.

లైవ్ మళ్లీ మొదలుపెట్టినప్పుడు చాట్‌లో చెడ్డ కామెంట్లు తీసేసే మోడరేటర్‌గా ఇంట్లో ఎవరినైనా పెట్టండి. యూట్యూబ్‌లో కొన్ని మాటలను ముందే అడ్డుకునే సెట్టింగ్ ఉంది. కానీ మనవాళ్లు తెలుగు బూతులను ఇంగ్లీష్ అక్షరాల్లో నాలుగైదు రకాల స్పెల్లింగులతో రాస్తారు, ఒకటి పెడితే ఇంకోటి దూరి వస్తుంది. ఆ జాబితాను మీరే కూర్చుని తయారు చేయండి. పాత లైవ్‌ల చాట్ తెరిచి, ఒక్కో మాటా చదివి, ఒక్కో స్పెల్లింగూ మీ చేత్తో అందులో చేర్చండి. ఇన్నాళ్లూ మీ పాప లైవ్ పెట్టిన ప్రతిసారీ ఏం చదువుతూ నవ్వు ముఖంతో కామెంటరీ చెప్పిందో అప్పుడు మీకు తెలుస్తుంది.